తక్కువ మొమెంటమ్ దగ్గర డి-జీరోలు ఎక్కడికి పోయాయి? ఒక చార్మ్ విశ్లేషణ కేసు

ఆ ప్లాట్‌లో ఒక్క పాయింటే మిగతావాటితో కలవకుండా కిందికి జారి ఉంది. లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో సీసం కేంద్రకాలు ఒక్కో న్యూక్లియాన్ (ప్రోటాన్ లేదా న్యూట్రాన్) జతకు 5.02 టీఈవీ శక్తితో ఢీకొన్నప్పుడు పుట్టే డి-జీరో మీసాన్లను, అంటే చార్మ్ అనే బరువైన క్వార్క్ ఉన్న కణాలను, అప్పట్లో మా గ్రూపు లెక్కిస్తోంది. పీటీ, అంటే పుంజం దిశకు అడ్డంగా ఉండే మొమెంటమ్, 2 నుంచి 3 జీఈవీ మధ్య ఉన్న ముక్కలో, అంటే బిన్‌లో, డి-జీరోలు ఉండాల్సినన్ని కనిపించలేదు. (ఈ రంగంలో శక్తి, మొమెంటమ్, ద్రవ్యరాశి, ఉష్ణోగ్రత అన్నీ ఇవే యూనిట్లలో చెబుతాం: ఒక టీఈవీ వెయ్యి జీఈవీలు, ఒక జీఈవీ వెయ్యి ఎంఈవీలు.) దాదాపు నెల రోజులు మేము దాన్ని ఫిజిక్స్ అనే నమ్మాం. దానికి సరిపోయే వివరణ కూడా మా చేతిలో సిద్ధంగా ఉంది. చివరికి లోపం మా సిమ్యులేషన్‌లో దొరికింది. ఆ దారి మొత్తాన్ని ఇక్కడ రాస్తున్నాను. చార్మ్ మీద పనిచేసే ఎవరికైనా ఇదే గుంట దాదాపు ఇదే చోట ఎదురవుతుంది.

చార్మ్ క్వార్కే ఎందుకు

రెండు భారీ కేంద్రకాలు దాదాపు కాంతి వేగంతో ఢీకొంటే ప్రోటాన్లు, న్యూట్రాన్లు కరిగిపోయి, క్వార్కులు, గ్లువాన్లు కట్టు తెంచుకుని తిరిగే ప్లాస్మా ఏర్పడుతుంది. ఉష్ణోగ్రత సుమారు 155 ఎంఈవీ దాటితే ఈ మార్పు వస్తుందని లాటిస్ లెక్కలు (స్థలకాలాన్ని గళ్ళుగా కోసి కంప్యూటర్‌లో చేసేవి) చెబుతున్నాయి. కెల్విన్లలో అది దాదాపు 1.8 లక్షల కోట్లు. ఈ ప్లాస్మా బతికేది కాంతి ఓ పది ఫెర్మీల దూరం దాటే సమయం మాత్రమే. ఫెర్మీ అంటే ఇంచుమించు ఒక ప్రోటాన్ వ్యాసార్ధమంత. ఇక ముందు ఫెర్మీ కాలం అన్నప్పుడల్లా, కాంతి ఆ కాస్త దూరం దాటడానికి పట్టే సమయం అని అర్థం చేసుకోండి.

అంత తక్కువసేపు ఉండేదాన్ని బయటినుంచి ఏ పరికరమూ తాకలేదు. లోపలే పుట్టి, ఆ వేడిలో ఈదుకుంటూ బయటికొచ్చి, జరిగింది చెప్పే సాక్షి కావాలి. చార్మ్ అలాంటి సాక్షి. దాని ద్రవ్యరాశి సుమారు 1.3 జీఈవీ, ఇంకా బరువైన బాటమ్ క్వార్క్‌ది సుమారు 4.2 జీఈవీ. ప్లాస్మా ఉష్ణోగ్రత కంటే ఇవి చాలా ఎక్కువ కాబట్టి ప్లాస్మాలోని వేడికి కొత్త చార్మ్ జతలను పుట్టించే శక్తి దాదాపు లేదు. అవి పుట్టేది కొలిజన్ మొదటి క్షణంలోనే, ఫెర్మీ కాలంలో పదో వంతు కూడా గడవకముందే. ప్లాస్మా అప్పటికి ఇంకా కుదురుకోదు. ఒకసారి పుట్టాక చార్మ్, దాని ప్రతికణం యాంటీచార్మ్ మళ్ళీ ఎదురుపడి నశించే అవకాశమూ చాలా తక్కువ. అంటే మొదట్లో ఎన్ని పుట్టాయో, చివర్లో ఏదో ఒక రూపంలో దాదాపు అన్నీ బయటికి రావాలి.

ఈ చివరి వాక్యమే ఈ కేసుకు ప్రాణం. చార్మ్ వేగం తగ్గవచ్చు, దిశ మారవచ్చు, డి-జీరోగానో, లాంబ్డా-సి అనే మూడు క్వార్కుల కణంగానో మారవచ్చు. మాయం మాత్రం కాకూడదు.

మేము కొలిచేది

ఈ రంగంలో అందరూ వాడే కొలత ఆర్-ఏఏ. సీసం కొలిజన్లలో వచ్చిన డి-జీరోల సంఖ్యను, ప్రోటాన్-ప్రోటాన్ కొలిజన్లలో వచ్చిన సంఖ్యతో పోలుస్తాం. ఒక సీసం కొలిజన్‌లో ఎన్ని న్యూక్లియాన్ జతలు ఢీకొన్నాయో అన్ని రెట్లు పెంచి మరీ పోలుస్తాం. బాగా ఎదురెదురుగా తగిలిన కొలిజన్లలో, అంటే సెంట్రాలిటీలో మొదటి పది శాతంలో, ఆ సంఖ్య 1,500 దాటుతుంది. ప్లాస్మా లేకపోతే, సీసం కేంద్రకం విడి న్యూక్లియాన్ల మూటలా మాత్రమే ప్రవర్తిస్తే, ఆర్-ఏఏ ఒకటి రావాలి.

పీటీ 10 జీఈవీ చుట్టుపక్కల డి మీసాన్ల ఆర్-ఏఏ సుమారు 0.2 అని ఇప్పటికే ప్రచురితమైన ఫలితాలు చెబుతున్నాయి. ఎక్కువ వేగంతో బయల్దేరిన చార్మ్ క్వార్క్ ప్లాస్మాలో గ్లువాన్లను వెదజల్లుతూ, దారిలో అడ్డొచ్చిన వాటిని గుద్దుకుంటూ శక్తి పోగొట్టుకుంటుంది. పోగొట్టుకున్నాక అది తక్కువ పీటీ బిన్‌లోకి దిగుతుంది. కాబట్టి పై బిన్లు ఖాళీ అయితే కింది బిన్లు నిండాలి. ఎడమవైపుకి వచ్చేకొద్దీ ఆర్-ఏఏ పైకి లేస్తుంది. మా ప్లాట్‌లో కూడా 3 జీఈవీ దాకా అలాగే లేచింది. తర్వాతి బిన్‌లో పడిపోయింది.

డి-జీరో ద్రవ్యరాశి 1,865 ఎంఈవీ. అది విరిగిపోయే దారులు చాలా ఉన్నా మేము వెతికేది కేయాన్, పయాన్ అనే రెండు తేలిక కణాలుగా విరిగే దారి. వందలో దాదాపు నాలుగు డి-జీరోలే ఆ దారిన పోతాయి. అలా పోయినప్పుడు కేయాన్, పయాన్‌ల మొమెంటమ్‌ల నుంచి తల్లి కణం ద్రవ్యరాశిని తిరిగి లెక్కగట్టవచ్చు. 1,865 దగ్గర ఒక చిన్న గుట్ట లేస్తుంది. దాని కింద ఎన్ని ఉన్నాయో లెక్కపెడతాం.

చెప్పడానికి తేలికే. ఎదురుగా తగిలిన ఒక సీసం కొలిజన్‌లో డిటెక్టర్ మధ్యభాగంలో మూడు వేల వరకు ట్రాకులు, అంటే ఆవేశమున్న కణాల జాడలు, ఉంటాయి. సగం ధనావేశం, సగం ఋణావేశం అనుకుంటే జతలు ఇరవై లక్షలు దాటతాయి. ఒక్కో జతలో ఏది కేయాన్, ఏది పయాన్ అని రెండు విధాలుగా ఊహించాలి కనుక నలభై లక్షలు. మధ్య రాపిడిటీలో (రాపిడిటీ అంటే పుంజం దిశలో కణం వేగాన్ని చెప్పే కొలత) ఒక యూనిట్ వెడల్పులో నిజంగా పుట్టే డి-జీరోలు, వాటి ప్రతికణాలు కలిపి పది పదిహేను. అందులో మనకు కావలసిన దారిన విరిగేవి సగటున రెండు కొలిజన్లకు ఒకటి. ఈ లెక్కను నేను కొత్తగా చేరిన ప్రతి విద్యార్థి చేత చేయిస్తాను. ఆ సంఖ్యలు సొంతంగా రాసుకున్నవాళ్ళకు, కట్‌ల గురించి, అంటే ఏ జతను ఉంచాలో ఏది పారెయ్యాలో తేల్చే షరతుల గురించి, మనం ఎందుకింత తలబద్దలు కొట్టుకుంటామో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ గుంపులోంచి డి-జీరోను విడదీసే ఆధారం దాని ప్రయాణం. పుట్టగానే విరిగిపోదు. దాని జీవితకాలాన్ని కాంతి వేగంతో గుణిస్తే 123 మైక్రాన్లు వస్తుంది. పీటీ 10 జీఈవీ ఉంటే పుంజానికి అడ్డంగా సగటున 660 మైక్రాన్లు పోతుంది. 2.5 జీఈవీ ఉంటే 165 మైక్రాన్లు, మన తలవెంట్రుక మందానికి రెండింతలు. కొలిజన్ జరిగిన చోటికి, కేయాన్-పయాన్ విడిపోయిన చోటికి మధ్య ఈ ఎడం ఉందా లేదా అన్నదే మా కట్‌లన్నింటికీ మూలం. అన్నింటిలో పదునైనది పాయింటింగ్ యాంగిల్ కట్. కేయాన్, పయాన్‌ల మొమెంటమ్‌లు కలిపితే వచ్చే దిశ, మొదటి బిందువు నుంచి రెండో బిందువుకి గీసిన గీత, ఈ రెండూ ఒకే వైపు చూడాలి. నిజమైన డి-జీరో అయితే చూస్తాయి. ఊరికే కలిసిన జత అయితే ఎటైనా చూస్తాయి.

మమ్మల్ని నమ్మించిన వివరణ

2–3 బిన్ ఎందుకు పడిందో చెప్పే కథ రెండు మూడు రోజుల్లోనే తయారైంది. అది పిచ్చి కథ కాదు, ఈ రంగం తెలిసినవాళ్ళు ఎవరైనా ఒప్పుకునేదే. మొదటి భాగం షాడోయింగ్: సీసం కేంద్రకంలో ఉన్న ప్రోటాన్‌లో తక్కువ మొమెంటమ్ వాటా ఉన్న గ్లువాన్లు, విడి ప్రోటాన్‌లో కన్నా తక్కువ. కాబట్టి తక్కువ పీటీ దగ్గర చార్మ్ పుట్టుకే కొంత తగ్గుతుంది. రెండో భాగం రీకాంబినేషన్: ప్లాస్మా చల్లబడేటప్పుడు చార్మ్ పక్కనున్న తేలిక క్వార్కులతో నేరుగా కలిసిపోతే, స్ట్రేంజ్ క్వార్క్ ఉన్న డి-ఎస్‌లు, మూడు క్వార్కుల లాంబ్డా-సిలు ఎక్కువవుతాయి, ఆ మేరకు డి-జీరో తగ్గుతుంది. ప్రోటాన్-ప్రోటాన్ కొలిజన్లలోనే తక్కువ పీటీ దగ్గర లాంబ్డా-సి, డి-జీరోల నిష్పత్తి 0.5 చుట్టూ ఉందని, ఎలక్ట్రాన్-పాజిట్రాన్ కొలిజన్లలో కనిపించిన దానికి అది చాలా రెట్లని లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లోని ఏలిస్ ప్రయోగం చూపించింది. చార్మ్ మాయం కాలేదు, వేరే వేషంలో బయటికొచ్చింది అని మేము అనుకున్నాం.

రెండూ నిజంగా ఉన్న ప్రభావాలే. కానీ రెండూ పీటీతో మెల్లగా మారతాయి. ఒక బిన్ వెడల్పులో ఇంత నిట్టనిలువుగా పడేయలేవు. ఆ మాట మా చర్చల్లో వచ్చింది కూడా. కానీ ఎర్రర్ బార్లు పెద్దవి, కొంత అటూ ఇటూ అయి ఉంటుందిలే అని దాటేశాం. ఈ కేసులో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇదే. ఆ బిన్ పైకి పోయి ఉంటే మేము అదే రోజు వెతకడం మొదలుపెట్టేవాళ్ళం. కిందికి పోయింది, పోవడానికి కారణం చెప్పగలిగాం, కాబట్టి ఆగిపోయాం.

విద్యార్థిని అడిగిన ప్రశ్న

మా గ్రూపులో రెండో ఏడాది చదువుతున్న అమ్మాయికి సిస్టమాటిక్ ఎర్రర్లు (మా పద్ధతి వల్ల రాగల తప్పులు) లెక్కగట్టే పని ఇచ్చాం. అందులో భాగం కట్ స్కాన్. ప్రతి కట్‌నీ కొంచెం వదులు చేస్తూ, కొంచెం బిగిస్తూ మొత్తం విశ్లేషణను మళ్ళీ మళ్ళీ నడపాలి. కట్ బిగిస్తే ముడి సిగ్నల్ తగ్గుతుంది, సిమ్యులేషన్ చెప్పే ఎఫిషియన్సీ (నిజమైన డి-జీరోల్లో కట్‌లు దాటేవాటి వాటా) కూడా అంతే మేరకు తగ్గుతుంది, ఒకదాన్ని ఇంకొకదానితో భాగిస్తే వచ్చే అసలు సంఖ్య మారకూడదు. ప్రకృతిలో ఎన్ని డి-జీరోలు పుట్టాయన్నది మన కట్‌ని బట్టి ఉండదు కదా.

అలవాటుగా చేసే పద్ధతి ఏమిటంటే, ఆ విలువలన్నింటి చెదురు చూసి, దాన్ని ఒక శాతంగా రాసి, సిస్టమాటిక్ ఎర్రర్ కింద వేసేయడం. ఆమె ఆ పని చేయకుండా విలువలను కట్ బిగువు వరుసలో పేర్చి చూపించింది. "సార్, ఇది చెదురులా లేదు. పాయింటింగ్ యాంగిల్ బిగించేకొద్దీ ఒకటే వరసగా దిగుతోంది. దీన్ని ఎర్రర్ అని రాసెయ్యొచ్చా?" అని అడిగింది.

రాయకూడదు. చెదురు అయితే అది స్టాటిస్టిక్స్ ఆట. వరస ఉంటే దాని వెనక కారణం ఉంది. డేటాలో బిగువు కట్ దగ్గర పోతున్న సిగ్నల్, పోతుందని సిమ్యులేషన్ చెబుతున్న దానికన్నా ఎక్కువ. పీటీ పెరిగే కొద్దీ ఈ వరస మెల్లగా మాయమైంది, 6 జీఈవీ పైన అసలే లేదు. ఆ రోజు సాయంత్రమే ఆర్-ఏఏ ప్లాట్‌ను పక్కన పెట్టాం.

ఒక్కొక్క అనుమానం

మొదట ఫిట్‌ను, అంటే గుట్టకూ దాని కింది బ్యాక్‌గ్రౌండ్‌కూ (ఊరికే కలిసిన జతలకు) వక్రరేఖలు అమర్చి లెక్కించే పనిని, అనుమానించాం. 2–3 బిన్‌లో గుట్ట చిన్నది, దాని కింద బ్యాక్‌గ్రౌండ్ కొండంత. బ్యాక్‌గ్రౌండ్‌కి ఎలాంటి వక్రరేఖ వాడాం, ఎంత పరిధిలో ఫిట్ చేశాం అన్నవి మార్చి మార్చి చూశాం. గుట్ట వెడల్పును సిమ్యులేషన్ విలువకు కట్టేసి ఉంచాం కాబట్టి దాన్నీ వదిలి చూశాం. కేయాన్, పయాన్ ఊహ తారుమారైనప్పుడు గుట్ట అడుగున పరుచుకునే నకిలీ సిగ్నల్‌నీ మళ్ళీ సరిచూశాం. విలువలు పైకీ కిందికీ ఊగాయి తప్ప వరస రాలేదు.

కణాల గుర్తింపు సంగతి త్వరగానే తేలింది. గుర్తింపు పూర్తిగా తీసేసి చేసినా ఎర్రర్ లోపలే అదే జవాబు వచ్చింది.

బి మీసాన్ల అనుమానం మాత్రం కొన్నాళ్ళు తిన్నది. కొన్ని డి-జీరోలు నేరుగా చార్మ్ నుంచి రావు, బాటమ్ ఉన్న బి మీసాన్ విరిగితే వస్తాయి. బి మీసాన్లు 450 నుంచి 490 మైక్రాన్ల శ్రేణిలో ప్రయాణిస్తాయి కాబట్టి వాటి పిల్లలు దూరంగా పుడతాయి, ఎడం మీద పెట్టిన కట్‌లను సులువుగా దాటుతాయి. కట్ బిగించేకొద్దీ మిగిలిన సిగ్నల్‌లో వాటి వాటా పెరుగుతుంది. ఆ వాటాను సిద్ధాంత లెక్కలతో అంచనా వేసి తీసేస్తాం. కావలసిన దానికన్నా ఎక్కువ తీసేస్తుంటే మేము చూసిన వరసే వస్తుంది. అందుకే తేలిగ్గా వదల్లేకపోయాం. అయితే వరస పోవాలంటే బి వాటాను ఎంత మార్చాలో లెక్కగడితే, ఏ సిద్ధాంతమూ, ఏ కొలతా ఒప్పుకోనంత వచ్చింది. డి-జీరో మొమెంటమ్ దిశ కొలిజన్ బిందువుకు ఎంత పక్కగా పోతోందో డేటాలో నేరుగా ఫిట్ చేసి తీసిన వాటా కూడా మా అంచనాతోనే సరిపోయింది.

ఇక మిగిలింది ట్రాకులే.

వెంట్రుక మందం మీద తగవు

ఇంపాక్ట్ పారామీటర్ అంటే ఒక ట్రాక్‌ను వెనక్కి పొడిగిస్తే అది కొలిజన్ బిందువుకు ఎంత దగ్గరగా పోతుందో ఆ దూరం. దీని రిజల్యూషన్ (కొలతలో ఎంత తప్పు ఉంటుందన్నది) మీదే డి-జీరో వేట అంతా నిలబడుతుంది. ఆ తరం సిలికాన్ డిటెక్టర్లలో పీటీ 1 జీఈవీ ఉన్న ట్రాక్‌కు అది సుమారు 60, 70 మైక్రాన్లు. మన డి-జీరో పోయిన దూరమే 165 మైక్రాన్లు అని గుర్తుంచుకోండి. రెండు ట్రాకులు కలిసే బిందువు తేడా కూడా వంద మైక్రాన్ల అటూ ఇటూ ఉంటుంది. అంటే తక్కువ పీటీ దగ్గర మనం కొలవాలనుకుంటున్న దూరం, దాన్ని కొలిచే స్కేలులో ఉన్న తప్పు, రెండూ ఒకే సైజువి. గీత మొదలు, చివర ఇంత దగ్గరగా ఉన్నప్పుడు చివర కాస్త పక్కకి జరిగినా గీత దిశ చాలా తిరిగిపోతుంది. పాయింటింగ్ యాంగిల్ ఇక్కడే దెబ్బతింటుంది. 10 జీఈవీ దగ్గర గీత పొడవు నాలుగింతలు, ట్రాకులూ నిటారుగా ఉంటాయి, అంతే జరుగుడు కట్‌ను అంటుకోదు.

డేటాలోని మామూలు పయాన్ ట్రాకులన్నీ తీసుకుని, ఇంపాక్ట్ పారామీటర్ పంపకం వెడల్పును పీటీ వారీగా గీశాం. పక్కనే సిమ్యులేషన్‌ది. డేటా గీత అన్ని చోట్లా కొంచెం పైన ఉంది. ఇంత మామూలు ప్లాట్‌ను ముందే ఎందుకు చూడలేదని అడగవచ్చు. చూశాం, పాత డేటాకు. సరిగ్గానే ఉంది. కొత్త డేటాకు అదే వర్తిస్తుందనుకున్నాం.

కారణం పట్టుకోవడానికి ఆ తేడా ఆకారమే సాయపడింది. డిటెక్టర్‌లో పదార్థం మేము అనుకున్నదానికన్నా మందంగా ఉంటే, ట్రాక్ అందులో చిన్న చిన్నగా దారి తప్పుతుంది. ఆ ప్రభావం మొమెంటమ్ పెరిగేకొద్దీ తగ్గిపోవాలి. మాకు కనిపించిన తేడా ఎక్కువ మొమెంటమ్ దగ్గర కూడా మిగిలి ఉంది. అలా మిగిలేది అలైన్‌మెంట్ లోపం. పుంజం చుట్టూ కోణం వారీగా ముక్కలు చేసి చూస్తే ఇంకా స్పష్టమైంది: లోపలి పొరలో కొన్ని సెక్టార్లలో ఇంపాక్ట్ పారామీటర్ సగటు సున్నా దగ్గర లేదు, కొన్ని మైక్రాన్లు పక్కకి ఉంది. సెక్టార్ మారితే జరిగిన వైపూ మారుతోంది. సెన్సర్లు ఉన్నాయని మేము అనుకున్న చోట అవి సరిగ్గా లేవు. సిమ్యులేషన్‌లో మాత్రం ప్రతి సెన్సర్ గీసిన గీత మీద కూర్చుని ఉంది.

దీని ఫలితం ఒకే వైపు పోతుంది, అదీ ఇందులో ఇబ్బంది. ట్రాకులు కొంచెం చెదిరితే కొన్ని కట్‌లలో కొన్ని డి-జీరోలు లోపలికి వస్తాయి, కొన్ని బయటికి పోతాయి, చివరికి పెద్ద తేడా ఉండదు. పాయింటింగ్ యాంగిల్‌లో అలా కాదు. నిజమైన డి-జీరోలు కోణం సున్నా దగ్గరే గుమిగూడి ఉంటాయి కాబట్టి చెదిరితే బయటికే పోతాయి. సిమ్యులేషన్‌లో బయటికి పోవు. ఎఫిషియన్సీ ఎక్కువని చెబుతుంది, ఎక్కువతో భాగిస్తాం, డి-జీరోలు తగ్గిపోతాయి.

భాగహారంలో తప్పులు కొట్టుకుపోతాయన్న నమ్మకం

మీటింగ్‌లో వెంటనే వచ్చిన అభ్యంతరం ఇది: ఆర్-ఏఏ ఒక నిష్పత్తి, డిటెక్టర్ ఒకటే, ప్రోటాన్-ప్రోటాన్‌లోనూ అదే తప్పు ఉంటుంది, కాబట్టి పైనా కిందా పోతుంది కదా? నేనూ ఏళ్ళ తరబడి అలాగే అనుకున్నాను.

పోదు. ప్రోటాన్-ప్రోటాన్ కొలిజన్‌లో ట్రాకులు పదుల్లోనే ఉంటాయి, బ్యాక్‌గ్రౌండ్ పలచన. వదులు కట్‌లతోనే గుట్ట కనిపిస్తుంది, కాబట్టి వదులుగానే పెడతాం. సీసంలో అలా పెడితే గుట్ట కనపడదు, బిగించక తప్పదు. రిజల్యూషన్ లోపం వదులు కట్‌ను దాదాపు ముట్టుకోదు, బిగువు కట్‌ను కొరికేస్తుంది. పైన ఉన్న తప్పు కింద లేనప్పుడు భాగహారం దేన్నీ కొట్టెయ్యదు.

అదే తేడా మాకు పరీక్షకు పనికొచ్చింది. ప్రోటాన్-ప్రోటాన్ డేటాలో పాయింటింగ్ కట్ లేకుండా ఒకసారి, సీసంలో వాడిన బిగువు కట్‌తో ఇంకోసారి డి-జీరోలు లెక్కించాం. ఈ రెంటి నిష్పత్తి నేరుగా డేటాలో కొలిచిన కట్ ఎఫిషియన్సీ. సిమ్యులేషన్ మాటను సిమ్యులేషన్ సాయం లేకుండా నిలదీయగలిగిన చోటు మాకు అదొక్కటే దొరికింది. జాగ్రత్త పడాల్సిన సంగతి ఒకటుంది: ప్రోటాన్-ప్రోటాన్‌లో తక్కువ ట్రాకులతో కొలిజన్ బిందువును కట్టాలి కాబట్టి ఆ బిందువే కాస్త మసకగా ఉంటుంది. సీసంలో వేల ట్రాకులుంటాయి కనుక అది చాలా పదును. ఆ మసకను లెక్కలోకి తీసుకున్నాకే పోల్చాం. అయినా డేటా ఎఫిషియన్సీ కిందే ఉంది.

సరిదిద్దిన తీరు

అలైన్‌మెంట్‌ను మొదటినుంచి మళ్ళీ చేసి, డేటా మొత్తాన్ని తిరిగి ప్రాసెస్ చేయడం ఉత్తమం. అది జరగాలంటే ఎన్నో నెలలు ఆగాలి. మేము సిమ్యులేషన్‌ను డేటా దాకా దించాం. సిమ్యులేషన్‌లో ప్రతి ట్రాక్‌కు అసలు ఇంపాక్ట్ పారామీటర్ ఎంతో మనకు తెలుసు, తిరిగి కట్టినప్పుడు ఎంత వచ్చిందో తెలుసు. ఈ రెండింటి తేడాను, డేటా వెడల్పుకూ సిమ్యులేషన్ వెడల్పుకూ ఉన్న నిష్పత్తితో పెంచాం. సెక్టార్ వారీ జరుగుడునూ కలిపాం. అసలు విలువను ముట్టుకోలేదు, కొలతలోని తప్పును మాత్రమే డేటా అంత చేశాం. తర్వాత రెండో బిందువును మళ్ళీ కట్టి, కట్‌లు మళ్ళీ నడిపించాం.

ఈ పద్ధతి మా కనిపెట్టుడు కాదు, ఈ పనిలో ఉన్నవాళ్ళకు బాగా తెలిసినదే. మందు అల్మారాలో ఉంది, జ్వరం ఉందని మేము గుర్తించలేదు.

ఫలితం చూడకుండా ముందు కట్ స్కాన్ నడిపించాం. 2–3 బిన్‌లో వరస పోయింది, విలువలు ఒక గీతకు అటూ ఇటూ చెదిరాయి. ప్రోటాన్-ప్రోటాన్‌లో డేటా ఎఫిషియన్సీ, సిమ్యులేషన్ ఎఫిషియన్సీ కలిశాయి. అప్పుడే ఆర్-ఏఏ తెరిచాం. జారిన పాయింట్ పాత ఎర్రర్ బార్ దాటి పైకి లేచి పక్కవాటితో వరసలో నిలబడింది. 3–4 బిన్ కూడా కొంచెం కదిలింది. పైన ఉన్నవి కదలలేదు. రెండు దారుల మధ్య మిగిలిన తేడాను సిస్టమాటిక్ ఎర్రర్‌గా ఉంచాం, ఆ బిన్ ఎర్రర్ మునుపటికన్నా పెరిగింది. అలా పెరగడమే న్యాయం.

షాడోయింగ్, రీకాంబినేషన్ కథ పోలేదు. ఇంకా అవసరమే, కాకపోతే ఉండాల్సినంత మేరకే.

ఆ ఒక్క బిన్‌కి ఇంత పట్టింపు ఎందుకు

ఎక్కువ పీటీ దగ్గర చార్మ్ కథ ప్రధానంగా గ్లువాన్లను వెదజల్లడం గురించి. బరువైన క్వార్క్ తన దిశకు దగ్గరి కోణంలో గ్లువాన్లను వెదజల్లలేదు. ఆ డెడ్ కోన్‌ను ఏలిస్ ప్రయోగం ప్రోటాన్-ప్రోటాన్ కొలిజన్లలో నేరుగా చూసి 2022లో ప్రచురించింది. తక్కువ పీటీ దగ్గర కథ వేరు. అక్కడ చార్మ్ నెమ్మదిగా, ప్లాస్మా ప్రవాహంలో కొట్టుకుపోతూ, వేల చిన్న గుద్దులు తింటూ పోతుంది. నీళ్ళలో పుప్పొడి రేణువు ఊగినట్టు. ఆ ఊగుడును ఒక్క సంఖ్యలో చెప్పేది డిఫ్యూజన్ కోఎఫిషియంట్. దాన్ని ఉష్ణోగ్రతతోనూ రెండు పైతోనూ గుణించి, యూనిట్లు లేని సంఖ్యగా చెప్పడం అలవాటు. డి మీసాన్ల ఆర్-ఏఏను, అవి ప్రవాహంతో ఎంత కలిసి నడిచాయో చెప్పే వి-టూను మోడళ్ళతో పోల్చి, ప్లాస్మా ఏర్పడే ఉష్ణోగ్రత దగ్గర అది 1.5కి, 4.5కి మధ్య ఉంటుందని ఏలిస్ అంచనా వేసింది. అంటే చార్మ్ చుట్టూ ఉన్న వేడితో సర్దుకోవడానికి పట్టే సమయం ఓ 3 నుంచి 8 ఫెర్మీ కాలం. ప్లాస్మా ఆయుష్షు పది అని పైన రాశాను. చార్మ్ సర్దుకుంటుంది, అయితే చాలాసేపటికి. ఇంత అందమైన సమతూకంలో ఉన్న సంఖ్యను తేల్చేది ప్రధానంగా 5 జీఈవీ లోపలి బిన్లే. అందులో ఒకటి తప్పుగా పోతే మోడల్ దాన్ని సరిపెట్టుకోవడానికి ప్లాస్మా లక్షణాన్నే వంచుతుంది.

ఇంకొకటి జే-సై. చార్మ్, యాంటీచార్మ్ కలిసి ఉండే ఈ కణం ప్లాస్మాలో కరిగిపోతుందని 1986లో మత్సుయ్, సాట్జ్ ప్రతిపాదించారు. లార్జ్ హాడ్రాన్ కొలైడర్ శక్తుల దగ్గర చార్మ్ జతలు అంత ఎక్కువగా ఉంటాయి కాబట్టి, కరిగిన తర్వాత వేర్వేరు జతల నుంచి వచ్చినవి మళ్ళీ కలిసి కొత్త జే-సైలు అవుతాయి. ఆ సంఖ్య చార్మ్ సంఖ్య వర్గాన్ని బట్టి ఉంటుంది. మొత్తం చార్మ్‌లో చాలా వాటా తక్కువ పీటీ డి-జీరోల దగ్గరే ఉంది. అక్కడ పది శాతం తప్పు చేస్తే జే-సై దగ్గర దాదాపు ఇరవై శాతం అవుతుంది. మా బిన్ మా పేపర్‌తో ఆగేది కాదు.

ఇప్పుడు చేస్తున్నది

కట్ స్కాన్ వరస లేకుండా తేలేదాకా ఆర్-ఏఏ ప్లాట్ ఎవరూ గీయరు, గీసినా చూపించరు. ప్రతి కొత్త డేటాకూ ఇంపాక్ట్ పారామీటర్ వెడల్పును కోణం వారీగా, పీటీ వారీగా సిమ్యులేషన్‌తో పోల్చాకే ఎఫిషియన్సీ లెక్క మొదలవుతుంది. కట్ స్కాన్ ఫలితాలను శాతంగా కుదించి రాయడం మానేశాం, మొత్తం వరసనే నోట్‌లో పెడుతున్నాం.

కొత్త డిటెక్టర్లు ఈ తగవును కొంత తేలిక చేశాయి. అమెరికాలోని రిక్ కొలైడర్‌లో స్టార్ ప్రయోగం 2014 నుంచి 2016 వరకు పలుచని పిక్సెల్ సెన్సర్లతో డి-జీరోలను వేటాడింది. ఏలిస్ 2021లో అమర్చిన ఏడు పొరల ట్రాకర్‌లో 1,250 కోట్ల పిక్సెళ్ళు ఉన్నాయి. దాని లోపలి పొర పుంజానికి రెండు సెంటీమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. అంతకుముందు ఆ దూరం 3.9 సెంటీమీటర్లు. దగ్గరికి జరిగి, పలచబడే కొద్దీ స్కేలు తప్పు చిన్నదవుతుంది. కాకపోతే చూపు పదునెక్కిన కొద్దీ అలైన్‌మెంట్ కూడా అంతే పదునుగా ఉండాలి. నాలుగు మైక్రాన్ల జరుగుడు పాత డిటెక్టర్‌లో మసకలో కలిసిపోయేది, కొత్తదాంట్లో కనిపిస్తుంది.

ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పుడు లాంబ్డా-సి మీద పనిచేస్తోంది. దాని జీవితకాలాన్ని కాంతి వేగంతో గుణిస్తే వచ్చేది సుమారు 60 మైక్రాన్లే, డి-జీరోలో సగం. ప్రోటాన్, కేయాన్, పయాన్ అని మూడు ట్రాకులు కలపాలి కాబట్టి జతల బదులు త్రికాలు, బ్యాక్‌గ్రౌండ్ ఇంకా ఎక్కువ. పోయిన వారం తన మొదటి కట్ స్కాన్ పంపింది. తక్కువ పీటీ బిన్‌లో మళ్ళీ ఒక వరస ఉంది, ఈసారి పైకి. ఫిట్ నుంచి మొదలుపెట్టాం.